గోడ మీద రేటు

"అన్న లేడా?"

మా మడిగె ముంగట ట్రాలీ ఆటో ఆపి, కాలిపోయిన బోరు మోటారు దించకముందే అందరు అడిగే మొదటి మాట గదే. నేను కండ్ల ముందటనే కూసోని ఉంటుండె. ఒళ్లె మోటారు, చేతిల రాగి తీగ. "అన్న బోరు కాడికి పోయిండు. చెప్పు, ఏమైంది?" అంటె, "అన్న వచ్చినంక మాట్లాడుత తియ్, రేటు మాట్లాడాలె గదా" అని పక్క హోటల్ల చాయ తాగనీకి పోతుండిరి. వైండింగ్ చేసేది నేనే అని తెలిసినోళ్లు గూడ గట్లనే పోతుండిరి. పని నాది, ధర చెప్పుడు మా ఆయనది.

నేను గీ పని ఏ బడిలనో నేర్వలే. పెండ్లైన కొత్తల మా ఆయన నకిరేకల్ల ఒక వైండింగ్ షాపుల జీతానికి ఉండె. ఎండకాలం వస్తె మోటార్లు వరుసపెట్టి కాలుతయ్. షాపుల తెమలనియి ఆయన ఇంటికి తెస్తుండె. పక్కన కూసోని తీగ అందిచ్చుకుంట అందిచ్చుకుంట, ఒకనాడు నేనే ఎక్కియ్యవడితి. బోరు మోటారుకు తీగను గాడిలకెల్లి చేతితోనే దూర్చి, ఇవతలికి గుంజి, మల్ల దూర్చాలె. జర గీసుకుపోయినా నీళ్లల్ల దించంగనే కాలిపోతది. ఆయనకు గంత ఓపిక లేదు. నాకున్నది. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఊరి బయట రోడ్డు పొంటి ఒక మడిగె కిరాయికి తీసుకున్నం. బోర్లల్లకెల్లి మోటార్లు పైకి గుంజుడు ఆయన పని, వైండింగ్ నా పని అని పంచుకున్నం. పైసలు అడుగుడు ఎవరి పనో ఆనాడు అనుకోలే. అనుకోనందుకే అది ఆయనకు పోయింది.

మా ఆయన బలమున్న మనిషి. పైపు మీద చెయ్యి పెట్టి చూసి, నూరు ఫీట్ల కింద అది యాడ ఇరికిందో చెప్తడు. గని ఎవరన్న "ఎంతియ్యాలె?" అని అడిగితె మాత్రం నేలకు చూస్తుండె. "మీకు తెల్వదా, చూసి ఇయ్యుండ్రి" అంటుండె. గా మాట ఇంటె నాకు ఒళ్లు మండుతుండె. వాళ్లు చూస్తుండిరి, చూడకపోలే. మా పనిని గాదు, వాళ్ల జేబును చూసుకోని ఇస్తుండిరి. కొందరు గదీ ఇయ్యకుంట "పత్తి అమ్మినంక కలుస్త" అని పోతుండిరి.

ఆయనను అని ఏం ఫాయిదా. ఆయన పుట్టిన ఇల్లు గట్లాంటిది. మా మామ వయసున్నన్ని రోజులు ఒక పటేలు ఇంట్ల జీతం ఉన్నడు. ఎడ్లు, పేడ, బత్తాయి తోటకు నీళ్లు, అన్ని ఆయననే. యాడాదికి ఎంత అని మాట్లాడుకునుడు లేదు. ఉగాది ముందట పటేలు కొలిసినన్ని గింజలు మూట కట్టుకోని వచ్చుడే. నేను కోడలిగ వచ్చినంక ఒకసారి అడిగిన.

"అడిగితె ఏమైతుండె మామా?"

"ఏమైతుండెనో నాకేం ఎరుక బిడ్డా, ఎన్నడన్న అడిగితె గద!" అని నవ్విండు.

నాకు నవ్వు రాలే.

ముసలితనంల ఇంటికాడ పొద్దు పోక మామ గూడ మడిగెకు వస్తుండె. పాత తీగ చుట్టలు విప్పుడు, బోల్టులు కిరోసిన్ల కడుగుడు చేస్తుండె. ఎవరన్న తెల్లబట్టలోడు వస్తె మాత్రం చేతిల పని ఇడిచి లేచి నిలవడుతుండె.

అంత మారింది ఒకామె అడిగిన ముచ్చటతోని. చిట్యాల దిక్కు ఊరామె. కొంచెం పత్తి, మోటారు ఎంత పారితె అంత వరి. మనిషి సన్నగ, ఎండకు కాలి ఉండె. మోటారు కాలితె, ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకోని తనే తెచ్చి, తనే తీసుకపోనీకి వచ్చింది. మా ఆయన ఆమెకు ఫోన్ల నాలుగు వేలని చెప్పిండు. ఆమె కొంగు ముడి విప్పి పైసలు తీస్తున్నది. గప్పుడే బత్తాయి తోట సారు డ్రైవర్ వచ్చిండు. గా సారు ఎవరో గాదు, మా మామ జీతమున్న పటేలు కొడుకే. తండ్రి పోయినంక తోటంత ఆయననే చూసుకుంటున్నడు. డ్రైవర్ ఒక్క మాట మాట్లాడకుంట రెండు వేలు మా ఆయన చేతుల పెట్టి, "ఇగో, మిగిలిన ఐదొందలు సారు తర్వాత ఇస్తడట" అని మోటారు ఎక్కించుకోని పోయిండు. మా ఆయన సరే అన్నడు. మామ అప్పటికే లేచి నిలవడ్డడు.

గామె చేతిల నోట్లు చేతిలనే ఉన్నయ్. నా దిక్కు తిరిగింది.

"గాయన మోటారు, నా మోటారు ఒక్కటే సైజా చెల్లె?"

"ఒక్కటే అక్కా. రెండు గూడ ఐదు హెచ్.పి. యే."

"తీగ?"

"గదే తీగ."

"చేసింది నువ్వేనా రెండు?"

"నేనే."

"మల్ల ఆయనకు గంతేంది, నాకు గింతేంది?"

కోపం జేయలే ఆమె. తెలుసుకోనీకి అడిగింది. నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన పానా దిక్కు చూస్తున్నడు. "నువ్వు గూడ గాయన ఇచ్చినంతనే ఇయ్యక్కా" అన్న. ఆమె రెండున్నర వేలు లెక్కబెట్టి ఇచ్చి, మోటారు ఎక్కించుకోని పోయింది. ఆయన లెక్క ఐదొందలు బాకీ పెట్టలే.

ఆమె పోయినంక మా ఇద్దరికి పెద్ద లొల్లి అయింది.

"సారు లెక్క వేరే. ఆయనకు ఊరంత బోర్లే. ఆయన పని ఇడిస్తె మనం బతుకుతమా?" అన్నడు మా ఆయన.

"బోర్లు ఎక్కువున్నోనికి తక్కువ రేటు, ఒక్కటే బోరున్నామెకు ఎక్కువ రేటా? ఎవడు చెప్పిండు నీకు?"

"అందరు గట్లనే చేస్తరు. గట్టిగ మాట్లాడేటోనికి తగ్గిస్తరు. మాట్లాడనోని తాన రాబట్టుకుంటరు."

"అంటె ఆయన తోటకు గామె పైసలతోని నీళ్లు వారిస్తున్నమన్నట్టు."

ఆయన లేచి పానా సంచిల ఏస్తున్నడు. నేను ఊకోలే. "ఇగ నుంచి బోరు కాడ ఏం చేస్తవో చెయ్యి, నిన్ను అడగ. మడిగెల రేటు నేను చెప్త. చూసి ఇయ్యుండ్రి అనే మాట మల్ల నీ నోట్లకెల్లి రావద్దు" అన్న.

తీగ ధర, మడిగె కిరాయి, నేను కూసున్న పొద్దు, అన్ని కూడి చూసిన. నాలుగు వేలు ఎక్కువే. రెండున్నర అయితె మాకే ఎల్లదు. మూడు వేల రెండొందలు తేలింది. ఎవరికైనా గంతే అనుకున్న. గని నోటితోని చెప్తె ఎవడు నమ్ముతడు? ఎవడొచ్చినా "మా బావకు తగ్గించిర్రట గదా" అంటడు. గందుకే మడిగె గోడ మీద రాయిద్దామనుకున్న.

గోడల మీద సిమెంటు, విత్తనాల ప్రకటనలు రాసే పెయింటర్‌ను పిలిచిన. నేను చెప్పుకుంట పోయిన, ఆయన నీలం రంగుతోని రాసుకుంట పోయిండు. ఏ మోటారు వైండింగ్‌కు ఎంత. బోరుల మోటారు గుంజనీకి ఎంత. సగం పైసలు ముందు, సగం మోటారు తీసుకపోయేటప్పుడు. అందరికి ఒక్కటే రేటు. ఆఖరి లైను చెప్పంగనే కుంచె ఆపిండు.

"మోటారు బయటికి రాకపోయినా గుంజిన కూలి ఇయ్యాలె... గిది గూడ రాయాల్నా అక్కా?"

"రాయి."

"ఎవడు రాడక్కా గిది చూసి. రాని మోటారుకు పైసలెవరిస్తరు?"

"తమ్మీ, నువ్వు విత్తనాల ప్రకటన రాస్తవ్. గా విత్తనాలు మొలవకపోతె నీ పైసలు వాపస్ ఇస్తవా?"

"నేనెందుకిస్త? నా పని రాసుడే గదా!"

"రాయి మల్ల."

నవ్వుకుంట రాసిండు. గోడ ఆరకముందే ఆయన పైసలు ఆయన చేతుల పెట్టిన.

రైతులు కొట్లాటకు వస్తరేమో అనుకున్న. ముందుగాల వచ్చింది మాలాంటి మెకానిక్కులే. మా ఆయన మొదలు జీతమున్న షాపు ఓనరు, ఇంక ఇద్దరు. వచ్చి గోడ దిక్కు చూసుకుంట నిలవడ్డరు. నేను కుర్చీలు వేసిన. కూసోలే.

"ఏందమ్మా గిది? మా అందరి కడుపు మీద కొడుతున్నవ్" అన్నడు ఓనరు. "మనిషిని బట్టి రేటుంటది. నువ్వు గిట్ల బజార్ల పెడితె రేపు మా తానికి వచ్చి గోడ కాడ గింతే ఉందంటరు."

"అననీ. నేను తక్కువ రాసిన్నా? మీరు పెద్దోళ్ల తాన తీసుకునేదాని కన్న ఎక్కువే గదా?"

"పెద్దోళ్ల తాన ఎక్కువే. చిన్నోళ్ల తాన తక్కువాయె."

"గదే చెప్తున్న. పెద్దోళ్ల తాన ఇడిసిపెట్టింది చిన్నోళ్ల తాన గుంజుతున్నం. పెద్దోళ్లనే గట్టిగ అడిగితె అయిపాయె గదా?"

"అడుగుడు నీకు గంత అల్కగ కనవడుతున్నదా?" అన్నడు ఒకాయన. ఆయన గొంతుల కోపం కన్న బుగులే ఎక్కువ ఇనవడ్డది.

"అల్క గాదన్నా. ఒక్కదాన్ని అడుగుడు కష్టమే. గందుకే మీ గోడల మీద గూడ రాయించుండ్రి."

వాళ్లు పోయిండ్రు. మా ఆయనకు ఒక వారం బజారుకు పోనీకి మొఖం చెల్లలే.

గా ఎండకాలంలనే తోట సారు డ్రైవర్ ఇంకో మోటారు తెచ్చిండు. దించవోయిండు.

"దించకు. గోడ చూడు" అన్న.

"సారు చెప్పిండు, ఎప్పటి లెక్కనే అని."

"ఎప్పటి లెక్క అయిపోయింది. సగం ముందు పెట్టుమను. పాత బాకీలు గూడ చాన ఉన్నయ్, అవి గూడ ఇయ్యుమను."

డ్రైవర్ ఫోన్ చేసిండు. జర సేపటికి సారే కార్ల వచ్చిండు. మడిగె ముంగటికి రాలే. రోడ్డు మీదనే ఆపి, అద్దం దించి, వేలుతోని రమ్మన్నడు. మా మామ లేచి నిలవడ్డడు. మా ఆయన ఉరకవోతె చెయ్యి పట్టి ఆపిన.

"షాపు ఇక్కడుందన్నా, రా" అని కూసున్న కాడికెల్లే అన్న. పటేలా అనలే. సారూ అనలే. అన్నా అన్న. మా ఇంట్ల ఎవరు ఆయనను గట్ల పిలువలే అప్పటిదాక.

దిగి వచ్చిండు. గోడ మొత్తం చదివిండు. మా మామ దిక్కు చూసి, "ఏంది, గిదేనా మీరు నేర్సుకున్నది? నువ్వు మా ఇంట్ల బతికినోనివి గాదా?" అన్నడు.

మామ చేతులు కట్టుకోనున్నడు. నేను చేతిల తీగ కింద పెట్టి లేచిన.

"బతుకలేదన్నా, పని చేసిండు. రెంటికి చాన ఫరక్ ఉంది."

"నీతోని ఏంది మాట్లాడేది? నీ మొగనితోని మాట్లాడుత."

"వైండింగ్ చేసేది నేను. రేటు చెప్పేది నేను. ఆయనతోని మాట్లాడాల్నంటె బోర్ల ముచ్చట మాట్లాడు."

సారు మా ఆయన దిక్కు చూసిండు. ఇప్పుడు మా ఆయన గింత తల వంచి "మీరు చూసి ఇయ్యుండ్రి" అంటె నా మాట మన్నుల కలుస్తది. మా ఆయన గొంతు సవరించుకోని, "గోడ మీద రాసింది గదా సార్" అన్నడు. మెల్లగనే అన్నడు. గని అన్నడు.

"మీ అసొంటోళ్లకు పని ఇచ్చుడే తప్పు" అని, మోటారు వాపస్ తీసుకరమ్మని డ్రైవర్‌కు చెప్పి పోయిండు. "అసొంటోళ్లు" అంటె ఏందో మాకు తెలుసు, ఆయనకు తెలుసు. కారు పోయినంక, నిలవడే ఉన్న మామను "కూసో మామా" అన్న. కూసున్నడు.

ఆ తర్వాత మంచి రోజులు వచ్చినయని చెప్తె అబద్ధమైతది. సారు ఊరోళ్లు మా తానికి వచ్చుడు బంద్ చేసిండ్రు. బోరు గుంజనీకి మా ఆయనను పిలిచేటోళ్లు తగ్గిండ్రు. ఎండకాలమంత మోటార్లు కాలుతున్నయ్, మా ముంగటికెల్లే ట్రాలీలల్ల పక్క షాపులకు పోతున్నయ్. ఆదివారం చర్చిల పెద్దాయన ఒకాయన, "తగ్గి ఉంటె తప్పేముంది బిడ్డా, ఇల్లు గడవాలె గదా" అన్నడు. మడిగె కిరాయి ఒక నెల ఆగింది. ఒకనాడు పొద్దుగాల మా ఆయన సున్నం డబ్బా, బ్రష్షు తెచ్చి గోడ కాడ పెట్టిండు.

"ఆఖరి లైను ఒక్కటి చెరిపేద్దాం. రాని మోటారుకు కూలి అనేది. గది చూసే బెదురుతున్నరు" అన్నడు.

"పోయిన యాడాది ఒక బోరు కాడ చైను తెగి నీ భుజానికి తాకింది. ఆనాడు మోటారు రాలే. నీకు ఎంతిచ్చిండ్రు?"

"ఏం ఇయ్యలే."

"భుజం ఎవరిది?"

ఆయన బ్రష్షు డబ్బాల పెట్టిండు. గా సున్నాన్ని తీసుకపోయి ఇంటికాడ వంటింటి గోడకు ఏసిండు.

మమ్ముల నిలవెట్టింది గా చిట్యాల దిక్కు అక్క. ఆమె మల్ల వచ్చింది. ఈసారి ఆమె ఎంబడి ఇంక ఇద్దరు ఆడోళ్లు, వాళ్ల మోటారు. "ఈడ మొఖం చూసి రేటు చెప్పరు" అని వాళ్లకు చెప్తున్నది. మెల్లమెల్లగ తక్కువ భూములున్నోళ్లు రావట్టిరి. బేరమాడనీకి సిగ్గుపడేటోళ్లు, మొగోడు లేక తామే వచ్చే ఆడోళ్లు, గోడ చదువుకోని, సగం పైసలు తీసి ఇచ్చి, మోటారు దించి పోతుండిరి. మాటలే అక్కర లేకుండె. కొందరికి చదువ రాకపోతె మా మామ చదివి చెప్తుండె. ఆయనకు గూడ చదువ రాదు. లైన్లన్ని నోటికి వచ్చినయ్.

నాకు తెల్వకుంట ఇంకోటి గూడ అయింది. మాతోని కొట్లాటకు వచ్చిన మెకానిక్కులు గూడ గట్టిగ బేరమాడేటోళ్లు వస్తె, "నా తాన గాదు, బజార్ల రేటు గదే. పోయి ఆమె గోడ చూసుకోర్రి" అనవట్టిండ్రు. గోడ మాది, ధైర్యం వాళ్లది గూడ అయింది. రాని మోటారుకు కూలి అనేది గూడ వాళ్లు అడుగవట్టిండ్రు. వాళ్ల గోడల మీద మాత్రం ఎవరు రాయించలే.

తోట సారుకు గా సంగతి కష్టకాలంలనే తెలిసింది. ఆయన బత్తాయి చెట్లు కాత మీదున్నయ్. పెద్ద బోరుల రాయి పడి మోటారు ఇరికింది. ఇద్దరు మెకానిక్కులను పిలిస్తె, వచ్చి చూసి, "రాకపోయినా కూలి ఇయ్యాలె, సగం ముందు" అన్నరట. ఒకాయన, "గిట్ల ఇరికిన మోటారును గుంజేటోడు ఒక్కడే ఉన్నడు" అని మా ఆయన పేరే చెప్పిండట.

సారు వచ్చిండు. ఈసారి కారు మడిగె ముంగటనే ఆగింది. దిగి రేకుల నీడల నిలవడ్డడు.

"మోటారు రాకపోయినా పైసలియ్యాల్నట గదా మీకు" అన్నడు.

"మాకొక్కలకే గాదన్నా. పని చేసిన ఎవరికైనా."

"పాతయి ఎంతున్నయ్?"

చెప్పిన. అందుల సగం, గుంజే కూలిల సగం ఫోన్‌తోని కొట్టిండు. బల్ల మీది మాట్లాడే డబ్బా పైసలు వచ్చినయని పెద్దగ చెప్పింది. మా మామ ఉలిక్కిపడ్డడు. "ఏమంటున్నది బిడ్డా గది?" అని నా చెవుల అడిగిండు. "సారు పైసలిచ్చిండని చెప్తున్నది మామా" అన్న, సారుకు ఇనవడేటట్టే.

తెల్లారి తోటకు పోయినం. మా ఆయన, ఇద్దరు కూలోళ్లు, నేను. మామ గూడ వస్తనన్నడు. "నువ్వెందుకు?" అంటె, "పైపు జారకుంట క్లాంపు పట్టనీకి ఒక మనిషి కావాలె గదా" అన్నడు. గా తోటల ఆయన మొక్కలప్పటికెల్లి నీళ్లు పెట్టిన చెట్లున్నయ్. దేని దిక్కు చూడకుంట సీదా బోరు కాడికే నడిచిండు.

మూడు కాళ్ల స్టాండు నిలవెట్టి, చైను తగిలించి గుంజుడు మొదలుపెట్టిండ్రు. మొదట్ల వచ్చింది. ఒక్కో పైపు పైకొస్తె విప్పి పక్కన పెడుతున్నరు. తర్వాత ఆగింది. మా ఆయన పైపు మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకోని జర సేపు నిలవడ్డడు. కిందికి ఇడిచి, తిప్పి, మల్ల గుంజిండు. బెత్తెడు వచ్చింది, మల్ల ఆగింది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, వాలింది. అందరి అరచేతులు బొబ్బలెక్కినయ్. తాగనీకి మేం తెచ్చుకున్న నీళ్లు అయిపోయినయ్. సారు చెట్ల కింద కుర్చీ ఏయించుకోని చూస్తున్నడు.

పొద్దుగూకేటప్పుడు చైను బిగుసుకపోయింది. స్టాండు కాళ్లు కిర్రుమన్నయ్. "అందరు ఎనకకు జరుగుర్రి" అని మా ఆయన ఒర్లిండు. లోపల్నుంచి పటుక్కున చప్పుడైంది. చైను ఒక్కసారే అల్కగ అయింది. పైపు తెగింది. మోటారు కిందనే ఉండిపోయింది.

మా ఆయన మట్టిల కూసోని రెండు చేతులతోని మొఖం తుడుసుకున్నడు. ఆయనను గట్ల చూస్తె నాకు ఏడ్పు వచ్చింది. గని గప్పుడు ఏడ్సే పని గాదు నాది.

సారు లేచి వచ్చిండు. "రాలే గదా" అన్నడు.

"రాలేదన్నా. మిగిలిన సగం ఇయ్యాలె."

నా దిక్కు చూసి చూసి, జేబులకెల్లి నోట్లు తీసి ఇచ్చిండు. ఆయన ముంగటనే లెక్కబెట్టిన.

"ఐదొందలు తక్కువున్నయన్నా."

"నా మోటారు పోయింది. గది లెక్కల రాదా?"

"మోటారు పోయినందుకు మాకు గూడ బాధనే. గని గీ ఐదొందలు మోటారుయి గావు. పొద్దంత గుంజిన చేతులయి."

ఆయన ఇస్తలేడు. నేను జరుగుతలేను. కూలోళ్లు ఇద్దరు సామాను సదురుడు ఆపి చూస్తున్నరు. గప్పుడు నా ఎనకకెల్లి మామ ముంగటికి వచ్చిండు. చేతులు కట్టుకోలే. ఏం చెయ్యాల్నో తెల్వక రెండు చేతులు పక్కకు ఏలాడేసిండు.

"చిన్న పటేలా, కూలి ఇయ్యి" అన్నడు. "పొద్దంత గుంజినం. ఇయ్యి."

సారు ఆయనను కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. "గీమె వచ్చినంక మీ ఇంట్ల అందరికి నోళ్లొచ్చినయ్" అన్నడు.

"అవు పటేలా, వచ్చినయ్" అన్నడు మామ.

ఐదొందల నోటు ఇచ్చిండు. నాకు గాదు, మామకు ఇచ్చిండు. మామ దాన్ని మడత పెట్టకుంట, చేతిల పట్టుకోనే ట్రాలీ ఎక్కిండు.

పాత బాకీల మిగిలిన సగం ఇప్పటికి రాలే. రెండు మూడు సార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. సారు మల్ల మా తానికి రాలే. వేరే షాపుకు పోతున్నడు. ఆడ గూడ ఇప్పుడు మా రేటే అని ఇన్న. గంతే చాలని అన, నా పైసలు నాకు రావాలె. గని పిలుస్తలేడని మాత్రం నేను ఒక్కనాడు ఫికర్ చేయలే.

గా తోట కాడికెల్లి వచ్చిన తెల్లారి నేను కూలోళ్లకు పైసలు పంచుతున్న. మామ బోల్టుల డబ్బా పక్కకు పెట్టి వచ్చి నా ముంగట నిలవడ్డడు.

"నాయి?" అన్నడు.

"ఏంది మామా?"

"నిన్న క్లాంపు పట్టిన గదా బిడ్డా. నా కూలి."

మా ఆయన నవ్విండు. నేను నవ్వలే. కూలోళ్లకు ఎంతిచ్చిన్నో గంతే లెక్కబెట్టి ఆయన చేతుల పెట్టిన. ఆయన గూడ నా ముంగటనే లెక్కబెట్టుకున్నడు. ఆయనకు నోట్ల లెక్క సరిగ రాదు, రెండు సార్లు తప్పిండు. మూడోసారి "సరిపోయినయ్" అని పక్క హోటలుకు పోయిండు. మా అందరికి చాయ చెప్పి, పైసలు ఆయననే కట్టిండు. ఆ యాడాది తిరుగకముందే కాలం చేసిండు మామ. పోయేదాక బోరు కాడికి వచ్చినప్పుడల్ల కూలి అడిగి తీసుకున్నడు.

ఇప్పుడు మా దిక్కు హైవే పొంటి ఫామ్‌హౌస్‌లు లేసినయ్. హైదరాబాద్ నుంచి శనివారం వచ్చి ఆదివారం పోయేటోళ్లయి. మొన్న ఒక దాని మేనేజర్ ఫోన్ చేసిండు. రెండు మోటార్లు కాలినయట. మాట చాన మర్యాదగ ఉంది.

"మేడమ్, మీరు పని చేసి బిల్లు పంపండి. మా ఆఫీసులో పాస్ అయ్యాక నెలన్నరలో అకౌంట్లో పడిపోతుంది. మా సిస్టం అది."

"సగం ముందు, సగం మోటారు తీసుకపోయేటప్పుడు సార్. మాది గిది" అన్న.

"అలా ఎవరూ అడగరు మేడమ్. పెద్ద పెద్ద కంపెనీలే మాకు అలా చేస్తున్నాయి."

"చెయ్యనీ సార్. నా తీగ ఉద్దెర వస్తలేదు."

"సార్‌తో మాట్లాడి మళ్లీ చేస్తాను" అని పెట్టేసిండు.

ఇంక చేయలే. చేస్తె చేస్తడు, లేకుంటె లేదు. గాయన ఫోన్ పెట్టేసేటప్పటికే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. మోటారు దించుకుంట ఒక పిలగాడు, "అక్కా, ఎప్పటివరకైతది?" అని నన్నే అడిగిండు.